సరేలమ్మ వద్దన్న సీసా

ఆవిడకి పెద్దవాళ్ళు పెట్టిన పేరొకటుంది. కరెంటు బిల్లు మీదా మందుల చీటీ మీదా తప్ప దానికి పెద్దగా పనిలేదు. ఇంట్లోవాళ్ళకీ, చుట్టాలకీ, వీధి వీధంతటికీ ఆవిడ సరేలమ్మ. ఆ పేరు పెట్టింది ఆవిడ మొగుడే. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం సినిమాకెళ్దామా అని అడిగితే "సరేలెండి" అందట. పోనీ వద్దులే, ఇంట్లోనే ఉందామంటే "సరేలెండి" అందట. ఇంతకీ నీకు వెళ్ళాలనుందా లేదా అని నిలదీస్తే కాసేపు ఆలోచించి మళ్ళీ అదే మాట అందట. ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "నీకు వేరే పేరెందుకే, సరేలమ్మా!" అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పేరు మాత్రం ఉండిపోయింది.

ఆవిడ పని బట్టలు సరిచేయడం. కొత్తవి కుట్టదు. ఎవరో కుట్టినవీ, అంగట్లో కొన్నవీ తెచ్చిస్తే మనిషికి సరిపోయేలా చేసిపెడుతుంది. పొడుగైన ప్యాంటు మడిచి కుట్టడం, ఒళ్ళొచ్చినవాళ్ళకి నడుం దగ్గర వదులు చేయడం, తగ్గినవాళ్ళకి బిగించడం, పాడైన జిప్పు మార్చడం. దుకాణం కింద, ఆవిడ ఉండే రెండు గదులు పైన. మధ్యలో ఇరుకు మెట్లు. దుకాణంలో ఒక పొడుగాటి బల్ల, నిలువుటద్దం, ఒక మూల తెర, తెర పక్కన తలా చేతులూ లేని గుడ్డబొమ్మ ఉంటాయి. మిషను మాత్రం పై గదిలో కిటికీ దగ్గర. వెలుతురు అక్కడ బాగుంటుందని ఆవిడే దగ్గరుండి పైకి ఎక్కించుకుంది.

ఇంట్లో నోట్లో నాలుక లేని ఈ మనిషి దుకాణంలోకి దిగిందంటే తీరే మారిపోతుంది. ముఖ్యంగా ట్రయల్ దగ్గర. ముందు కచ్చా కుట్టు వేస్తుంది, అంటే లాగితే ఊడొచ్చే పెద్ద పెద్ద కుట్లు. అది తొడిగించి మనిషిని అద్దం ముందు నిలబెడుతుంది.

"కూర్చోండి. లేవండి. చేతులు పైకెత్తండి. వంగి చెప్పులు తొడుక్కున్నట్టు చేయండి. ఇప్పుడు చెప్పండి, ఎక్కడైనా పట్టేస్తోందా?"

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మొహమాటస్తులు. "బాగానే ఉందండీ" అనేసి బయటపడదామని చూస్తారు. ఆవిడ వదలదు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, మెడలో టేపు వేసుకుని, అలా చూస్తూ నిలబడిపోతుంది. ఒకసారి భారీ మనిషి ఒకాయన, వకీలు, కోర్టులో గొంతెత్తితే కిటికీలు అదురుతాయని పేరు, కోటు వేసుకుని బాగుందన్నాడు. ఆవిడ ఉలకలేదు, పలకలేదు. ఆయన అద్దంలోకి చూశాడు, గడియారంలోకి చూశాడు, చివరికి తలొంచుకుని "పొట్ట దగ్గర కొంచెం..." అని ఒప్పుకున్నాడు.

"అదీ! మొహమాటమెందుకండీ? ఇప్పుడు చెప్తే విప్పుతాను. కత్తెర పడ్డాక చెప్తే నేనేం చేయగలను?" అని ఆవిడ సూదులు తీసి పనిలో పడింది.

ఊళ్ళోవాళ్ళ చేత ఇన్నేళ్ళుగా నిజం చెప్పించిన మనిషి తన సంగతికొచ్చేసరికి మాత్రం ఆ వకీలు కంటే అన్యాయం. గదికి రంగు వేయిస్తానని కొడుకొచ్చి ఏ రంగమ్మా అంటే నీ ఇష్టం అంది. వాడు ముదురు ఆకుపచ్చ వేయించాడు. ఆవిడకి ఆ రంగు చూస్తే వికారం. అయినా కిటికీలోంచి బయటికి చూస్తూ కాలక్షేపం చేసింది గానీ మాట బయటపెట్టలేదు. చేపలు వండితే ఎప్పుడూ తోక ముక్కే వేసుకుంటుంది. చిన్నప్పుడు పిల్లాడికి ముల్లు గుచ్చుకుంటుందని మొదలైన అలవాటది. పిల్లాడు పెద్దవాడై అమ్మకి తోక ముక్కంటే ప్రాణమని అందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడు చుట్టాలింటికి ఎక్కడికెళ్ళినా ప్రేమగా తోకలన్నీ ఏరి ఆవిడ కంచంలోనే వేస్తారు. ఆవిడ ముళ్ళు తీసుకుంటూ కూర్చుంటుంది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. ఈసారి వచ్చినది అలాంటిది కాదు.

మొన్న వానల్లో ఆవిడ మెట్ల మీద జారింది. పెద్ద దెబ్బేం తగల్లేదు, మోకాలు వాచి తగ్గిపోయింది. కొడుకు గుండె మాత్రం జారిపోయింది. వాడు మంచివాడు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. బీమా ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్నాడు. రాబోయే ప్రమాదాల గురించి ఆలోచించడమే వాడి ఉద్యోగం, ఇంటికొచ్చినా ఆ ఆలోచన మానడు. ఒక రోజు ఆఫీసు నుంచి తిన్నగా దుకాణానికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

"అమ్మా, ఇంక నువ్వు ఒక్కదానివీ ఇక్కడ వద్దు. మా దగ్గరికి వచ్చెయ్. ఏమంటావ్? నీకు గది సర్దేశాం. వచ్చే ఆదివారానికి వ్యాను మాట్లాడాను. మిషను కుట్టుపని నేర్పే కేంద్రానికి ఇచ్చేద్దాం, వాళ్ళెంత సంతోషపడ్డారో తెలుసా? నీ పేరు గోడ మీద రాస్తారట. దుకాణం ఓనరుతో నేను మాట్లాడతాలే. సరేనా?"

అందులో మూడు ప్రశ్నలున్నాయి. జవాబు దూరడానికి మాత్రం సందు లేదు. "సరేలేరా" అంది సరేలమ్మ, పాపం, ఇంకేం అనాలో తోచక. వాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అమ్మ చేయి నొక్కి వెళ్ళిపోయాడు.

ఆవిడకి వెళ్ళాలని లేదు. కొడుకన్నా కోడలన్నా ఎంతో ఇష్టం, అయినా వెళ్ళాలని లేదు. పొద్దున్నే కిటికీ తెరిచి మిషను మీద దుమ్ము తుడవడం, కింద నుంచి ఎవరో "సరేలమ్మా, అయిందా?" అని కేకేస్తే "సాయంత్రం రండి!" అని ఇంకా పెద్ద కేక వేయడం, ఎదురింటి ఇస్త్రీ ఆయనతో వీధి అటూ ఇటూ నిలబడి వాదులాడటం, తనకి ఆకలేసినప్పుడు తినడం, వేయకపోతే మానడం, ఇదంతా ఆవిడ బతుకు. అదంతా ఆదివారంతో అయిపోతుంది. దుకాణం మూసాక గుడ్డబొమ్మ ముందు నిలబడి "నేను రానురా" అని అభ్యాసం చేసింది. బాగానే వచ్చింది. బొమ్మకి తల లేదు కాబట్టి ఎదురు చెప్పలేదు. తీరా కొడుకు ఫోన్ చేసి "సామాన్లు సర్దుకుంటున్నావా అమ్మా?" అంటే "ఆఁ, సర్దుతున్నాలే" అంది.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం ఆవిడ అరవయ్యో పుట్టినరోజు. ఊళ్ళోకెల్లా పెద్ద రెస్టారెంటులో భోజనం అన్నాడు కొడుకు. సరేలే అంది.

నలుగురు వెళ్ళారు. సరేలమ్మ, కొడుకు, కోడలు, ఇంకా ఆడపడుచు. ఈ ఆడపడుచు మొగుడి అక్క. బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. మనిషి రిటైరైంది గానీ గొంతు రిటైరవలేదు. అద్దాల తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడుతూనే "అబ్బో, ఎంత చీకటిగా పెట్టారర్రా! కరెంటు బిల్లు కట్టలేదా?" అంది. నాలుగు బల్లల వాళ్ళు తలలు తిప్పి చూశారు. కోడలు నవ్వు ఆపుకుంటూ ఆవిడ చేయి పట్టుకుని నడిపించింది. కోడలు ఆస్పత్రిలో కాళ్ళూ చేతులూ పట్టేసినవాళ్ళ చేత వ్యాయామం చేయించే ఉద్యోగం చేస్తుంది. ఎలాంటివాళ్ళనైనా నడిపించగలదు.

కూర్చోగానే సరేలమ్మ చేయి తనంతట తానే బల్లమీది గుడ్డ అంచు కిందికి వెళ్ళింది. మడత నీటుగా ఉంది, మూలలు చక్కగా తిప్పారు. ఫరవాలేదు, పని తెలిసినవాళ్ళే కుట్టారనుకుని కాస్త కుదుటపడింది.

నెరిసిన మీసాలూ కళ్ళజోడూ ఉన్న వడ్డించే ఆయన వచ్చి, ముందు తోలు అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి కొడుకు చేతికిచ్చాడు.

"ఇదేంట్రా, పెళ్ళి ఆల్బమా?" అంది ఆడపడుచు.

"వైన్ల పుస్తకం అత్తా. ఏ వైను కావాలో ఇందులోంచి చూసి చెప్పాలి."

"ఇన్ని రకాలా! ద్రాక్షరసమే కదరా అన్నీ?"

కొడుకు చిరునవ్వు నవ్వాడు. వాడి ఎదురుచూపంతా ఈ ఘట్టం కోసమే. ఆఫీసు విందుల్లో పై అధికారి గ్లాసు గుండ్రంగా తిప్పడం, వాసన చూడటం, కళ్ళు అరమోడ్చడం చూసి చూసి ఆ విద్య పట్టేశానని వాడి నమ్మకం. మాంసానికి ఎర్రదీ చేపలకి తెల్లదీ అని అందరికీ ఓ చిన్న పాఠం చెప్పాడు. తర్వాత పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి, పేరు చదివాడు. నాలుగు మాటల పేరులో ఒకటి పైకి అని తక్కినవి మింగేశాడు.

"మంచిదేనండీ" అన్నాడు వడ్డించే ఆయన. "బాగా పండిన నేరేడు రుచి వస్తుంది, కొంచెం చెక్క వాసన, చివర్లో కాస్త తోలు."

"తోలా!" ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. "భోజనానికొచ్చామా, చెప్పుల దుకాణానికొచ్చామా?"

"అంటే అలాంటి వాసన అని అత్తా. అదే గొప్ప."

"ఏం గొప్పో! నాకు మాత్రం పోయొద్దు. నేను వాసన కూడా చూడను."

సీసా వచ్చింది. వడ్డించే ఆయన దాని మీది చీటీ అందరికీ చూపించి, మెలిక చువ్వ తిప్పి బిరడా లాగి, ఆ బిరడాని బల్ల మీద పెట్టాడు. గుండుసూదులు గుచ్చుకోవడానికి భలేగా ఉంటుందే అనిపించి, సరేలమ్మ ఎవరూ చూడకుండా దాన్ని సంచీలో వేసుకుంది.

"ముందు రుచి ఎవరు చూస్తారండీ?" అని అడిగాడాయన.

ఆ పని కొడుకు చేద్దామనుకున్నాడు. కానీ అమ్మ పుట్టినరోజాయె. "అమ్మకే పోయండి" అన్నాడు దర్జాగా. కోడలు ఫోటో తీద్దామని ఫోన్ పైకెత్తింది. సరేలమ్మ ఆ వయసుకి జలుబు టానిక్కు తప్ప అలాంటిదేదీ ఎరగదు.

ఆయన ఆవిడ గ్లాసులో అడుగు తడిసేలా కొంచెమే పోశాడు. తర్వాత ఒకడుగు వెనక్కి వేసి, ఎడంచేయి వీపు వెనక పెట్టుకుని, కుడిచేతిలో సీసా అలాగే పట్టుకుని, "ఎలా ఉందో చెప్పండమ్మా" అన్నాడు. అని, నిలబడ్డాడు.

సరేలమ్మ కొంచెం తాగింది. మొదట బాగానే అనిపించింది. మింగేసరికి నోరంతా దగ్గరికి లాక్కుపోయింది, గొంతు పట్టేసింది. ఎదురుగా కొడుకు నవ్వు మొహంతో గ్లాసు సిద్ధంగా పట్టుకుని ఉన్నాడు. ఆవిడ నోట్లో 'సరేలే' తయారుగా ఉంది. అనడానికి పెదాలు విడదీసి, వడ్డించే ఆయన వైపు చూసింది.

ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. పక్క బల్లవైపు చూడటం లేదు, సీసా వంచేయడం లేదు. కొంచెమే పోసి ఆగాడంటే ఇది కచ్చా కుట్టు. సీసా చేతిలోనే ఉందంటే కత్తెర ఇంకా పడలేదు. ఈ నిలబడటం, ఈ చూపు, ఈ ఆగడం ఆవిడకి కొట్టిన పిండి. ఇది ట్రయల్! తన జన్మంతా అటుపక్క నిలబడి, ఎదుటివాళ్ళు మొహమాటపడితే చిరాకుపడిన మనిషి ఇవాళ ఇటుపక్క కూర్చుని అబద్ధం ఎలా చెప్తుంది? పని చేసుకునే మనిషిని మోసం చేసినట్టు కాదూ?

"బాగాలేదండీ" అంది సరేలమ్మ.

ఫోన్ టక్కుమంది. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అందులో సరేలమ్మ నిదానంగా ఉంటుంది, కొడుకు కళ్ళు తేలేసి ఉంటాడు, ఆడపడుచు నోరు మొదటిసారిగా మాట లేకుండా తెరుచుకుని ఉంటుంది.

కొడుక్కి తల కొట్టేసినట్టయింది. ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "అమ్మా, అలా అనకూడదు. సీసా పాడైపోయిందా లేదా అని చూడటానికే కొంచెం పోస్తారు. నచ్చిందా లేదా అని కాదు. ఊరికే మర్యాదకి అడుగుతారంతే."

"మర్యాదకే అడిగారు, నేనూ మర్యాదగానే చెప్పాను కదరా. బాగాలేదండీ అన్నాను, 'అండీ' కూడా పెట్టాను."

కోడలికి నవ్వాగలేదు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. వడ్డించే ఆయన మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. కాస్త వంగి అడిగాడు:

"ఎక్కడ బాగాలేదమ్మా?"

సరేలమ్మ మొహం విప్పారింది. ఎంతకాలానికి ఎవరో తన ప్రశ్న తననే అడిగారు! "నాలుక మీద పెట్టినప్పుడు బాగానే ఉందండీ. మింగేటప్పుడు ఇదిగో, ఇక్కడ పట్టేస్తోంది. మరీ బిగుతు."

"అర్థమైందమ్మా. సీసా పాడవలేదు, దాని తీరే అంత."

"ఉంచండి, ఉంచండి, మేం తాగుతాం" అన్నాడు కొడుకు కంగారుగా.

"అలాగేనండీ. అమ్మకి మాత్రం వేరే చూద్దాం. గ్లాసుల్లెక్కన ఇచ్చే సీసాలు లోపల తెరిచినవే ఉన్నాయి. తలా కొంచెం తెస్తాను, మీరు చెప్పండి" అని ఆయన వెళ్ళి, ఒక తెల్లటిది తెచ్చాడు. పోశాడు. మళ్ళీ ఒకడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

సరేలమ్మ ఈసారి తీరిగ్గా తాగింది. పుక్కిట పట్టి కాసేపుంచింది. కుర్చీలో నిటారుగా కూర్చుంది, వెనక్కి వాలి చూసింది. అద్దం ఒకటే తక్కువ.

"ఇది మరీ వదులండీ. నీళ్ళలా జారిపోయింది. వేసుకున్నట్టే లేదు."

"అమ్మా!" అన్నాడు కొడుకు. పక్క బల్ల వాళ్ళు వాళ్ళ ముచ్చట్లు మానేసి ఇటే చూస్తున్నారు.

"నువ్వుండరా" అంది సరేలమ్మ. ఆ మాట ఇంతకుముందు ఎప్పుడైనా అందో లేదో ఆవిడకే గుర్తులేదు. మిగిలిన తెల్లది గ్లాసులోనే ఉంది. పారబోస్తారేమోనని ఆడపడుచుకి ప్రాణం ఒప్పలేదు. వాసన కూడా చూడనన్న మనిషి గటుక్కున తాగేసి, "చల్లగా బాగానే ఉందే" అని మూతి తుడుచుకుంది.

మూడోసారి తెచ్చింది లేత ఎరుపు. నానబెట్టిన గులాబీ రేకుల రంగు. సరేలమ్మ తాగింది. ఏమీ అనలేదు. ఇంకొంచెం తాగింది. ఆ బల్ల, ఈ బల్ల, వడ్డించే ఆయన, అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. కొడుకు కూడా తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు.

"ఇది సరిపోయింది" అంది సరేలమ్మ. "ఎక్కడా పట్టలేదు. ఇదివ్వండి."

పక్క బల్ల మీది పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. వడ్డించే ఆయన మీసాల చాటున నవ్వి గ్లాసు నింపాడు. కొడుకు మొహం చేతుల్లో పెట్టుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి పెళ్ళాన్ని చూశాడు. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. ఇంక వాడూ బిగపట్టుకోలేక నవ్వేశాడు.

రొట్టెలొచ్చాయి, సూప్ వచ్చింది, ఓ పెద్ద పళ్ళెంలో కాల్చిన చేప నిండుగా వచ్చింది. ఆనందంగానే తింటున్నారు. కొడుకు అలవాటుగా చేప తోక భాగం కోసి అమ్మ పళ్ళెంలో పెట్టబోయాడు.

"తోక వద్దురా. నడిమి ముక్క వెయ్యి."

"నీకు తోకంటేనే ఇష్టం కదమ్మా?"

"ఎప్పుడూ లేదు."

వాడి చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. తన చిన్నతనం నుంచీ తిన్న చేపలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగినట్టు చూశాడు. నడిమి ముక్క వేశాడు. "దీనికివాళ ఏదో అయిందర్రా" అంది ఆడపడుచు, మరో గుక్క తాగుతూ.

సాయంత్రాన్ని మళ్ళీ దారిలో పెడదామనుకున్నాడేమో, కొడుకు గ్లాసు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "సరే, అమ్మ ఆరోగ్యం కోసం! ఎల్లుండి పొద్దున్నే వ్యాను వచ్చేస్తుంది. ఇంక మెట్లెక్కడం లేదు, దిగడం లేదు, హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోవడమే. సరేనా అమ్మా?" అంటూనే గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళాడు.

సరేలమ్మ చేతులు ఒళ్ళో రుమాలుని గట్టిగా పట్టుకున్నాయి. వైను బాగాలేదని చెప్పడం వేరు, ఇది వేరు. ఇప్పుడు చెప్పకపోతే ఎల్లుండి ఆ మిషను కిటికీ దగ్గర నుంచి కిందికి దిగిపోతుంది.

"వద్దురా" అంది.

"ఏది, ఈ వైనా?"

"వ్యాను."

"ఆదివారం కుదరదా? పోనీ వచ్చే వారం..."

"ఏ వారమూ వద్దు. నేను రాను."

బొమ్మ ముందు అన్నప్పుడు వచ్చినంత ధైర్యంగా రాలేదు. కానీ వచ్చింది. కొడుకు గ్లాసు దింపాడు. వాడి మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది.

"మరి మొన్న సరేలే అన్నావు కదమ్మా! నేనేమైనా బలవంతం చేశానా? గది సర్దాం, అందరికీ చెప్పుకున్నాం... నిన్ను అడిగే కదా అంతా చేశాను? అడిగానా లేదా, చెప్పు!"

"అడిగావు నాన్నా. అడిగావు గానీ ఆగలేదు." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆయన చూడు, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, ఓ గుక్కెడు వైను కోసం ఎంతసేపు ఆగాడో. నీ తప్పని కాదురా. ఎన్నడూ నోరు తెరవనిదాన్ని, తప్పు నాదే ఎక్కువ."

ఆడపడుచు కుర్చీలో సర్దుకుని, "ఇదేం చోద్యమమ్మా! కన్నకొడుకు బంగారంలాంటి ఇల్లు పెట్టుకుని రమ్మంటే..." అని మొదలుపెట్టింది. కోడలు మెల్లగా ఆవిడ మోచేతి మీద చేయి వేసింది. ఆస్పత్రిలో ఎలా వేస్తుందో గానీ ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది.

తర్వాత కొడుకు గ్లాసు దూరంగా జరిపాడు. ఫోన్ దూరంగా జరిపాడు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి అమ్మ వైపు తిరిగాడు.

"సరే, ఇప్పుడు అడుగుతున్నానమ్మా. నీకేం కావాలి?"

అని, ఆగాడు.

ఆగడం వాడికి అలవాటు లేని పని. రెండుసార్లు పెదాలు కదిలాయి, రెండుసార్లూ బిగించేశాడు. చేప చల్లారిపోతోంది. వడ్డించే ఆయన ఖాళీ పళ్ళాలు తీయడానికి దగ్గరికొచ్చి, వీళ్ళ మొహాలు చూసి అట్నుంచి అటే వెళ్ళిపోయాడు. సరేలమ్మకి జవాబు వెంటనే దొరకలేదు. వద్దని చెప్పడమే అభ్యాసం చేసుకుంది గానీ, కావలసినదేంటో చెప్పాల్సి వస్తుందని ఆవిడ అనుకోలేదు.

"మెట్ల పక్కన గోడకి కడ్డీ వేయించు, పట్టుకుని దిగడానికి" అంది చివరికి. "నిజమేరా, జారుతున్నాయి. నాకూ భయంగానే ఉంది."

కొడుకు తలూపాడు. ఇంకా ఆగాడు.

"ఆ గదికి వేరే రంగు వేయించు. నీ మనసు కష్టపెట్టుకోకు గానీ, ఆ ఆకుపచ్చ నావల్ల కావడం లేదు."

"అయ్యో, అదీనా!" అన్నాడు కొడుకు. నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి. "ఇంకా?"

ఆవిడ ఇంకా ఆలోచించింది. ఎలా చెప్తే వాడికి నొప్పి కలగదో వెతుక్కుంటున్నట్టు కాసేపు గ్లాసులోకి చూసింది. తర్వాత ఆ వెతుకులాట మానేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"నాకు మీ ఇంటికి రావడం ఇష్టంరా. మంచి చీర కట్టుకుని, మీకోసం ఏదో ఒకటి పట్టుకుని, బస్సెక్కి రావడం ఇష్టం. నేను బెల్లు కొడితే మీరిద్దరూ తలుపు దగ్గరికి పరిగెత్తుకొస్తారు చూడు, అది ఇష్టం. వచ్చేసి ఉండిపోతే ఇంక రావడమనేదే ఉండదు కదరా."

కోడలు లేచొచ్చి అత్తగారి కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులూ ఆవిడ భుజాల చుట్టూ వేసి, "ఏ రోజు వస్తారో ముందే చెప్పకండత్తయ్యా. చెప్పకుండా రండి" అంది. ఆడపడుచు తన రుమాలు దొరక్క బల్లమీది గుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

కాసేపటికి కొడుకు ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. వ్యాను ఆయనకి చేశాడు. అవతల బండి నడుపుతున్నట్టున్నాడు, ఒకటే రొద.

"ఆదివారం రావద్దండీ" అన్నాడు కొడుకు. "మా అమ్మ వద్దంది."

అవతల వినపడలేదు కాబోలు, ఏంటి, ఏంటి అంటున్నాడు. కొడుకు అమ్మ వైపు చూస్తూ, ఈసారి హాలంతా వినపడేలా చెప్పాడు.

"మా అమ్మ వద్దందండీ!"